సంపు మీద ఊఁ కొట్టే పని

మా ఆయన మోటార్లు బిగిస్తాడు. నేను సంపు మూత దగ్గర కూర్చుని ఊఁ కొడతాను. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరి పనీ ఇదే. మీరేం చేస్తుంటారమ్మా అని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు ఈ మాటే చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. ఒక్క పూట నా చోట కూర్చుంటే ఆ నవ్వు ఎటు పోతుందో నేనూ చూస్తాను.

వాననీళ్ల పని మాది. ఇంటి కప్పు మీద పడ్డ వాన గొట్టాల్లోంచి కిందికి దిగి, ఫిల్టర్‌లో ఆకూ అలమూ వదిలించుకుని, నేల కింద సంపులో చేరుతుంది. అక్కణ్ణుంచి మోటారు దాన్ని లాగి బట్టలుతికే చోటికీ, మొక్కలకీ, బాత్రూములకీ పంపుతుంది. వినడానికి ఇంతే. కానీ సంపు అడుగున, గొట్టం చివర ఫుట్‌వాల్వ్ అని ఒకటుంటుంది. పైకి లాగిన నీళ్లు మళ్లీ కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. అది సరిగ్గా మూసుకోకపోతే మోటారు గాలి మింగి గీపెట్టడమే గానీ చుక్క నీరు పైకి రాదు. దాని సంగతి చూడాలంటే మనిషి లోపలికి దిగాలి. మా ఆయన దిగిన ప్రతిసారీ నా ప్రాణం గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. ఇన్నేళ్లయింది, ఇంకా అలవాటు కాలేదా అంటుంది మా అక్క. వంటకి అలవాటు పడతాం, మొగుడికి అలవాటు పడతాం, భయానికి అలవాటు పడడం ఏమిటి? అది రోజూ కొత్తగానే ఉంటుంది.

మూసి ఉన్న సంపులో గాలి చచ్చిపోయి ఉంటుందట. ముఖ్యంగా అడుగున ఆకులు కుళ్లి ఉంటే. దానికి రంగుండదు, చాలాసార్లు వాసన కూడా ఉండదు. నిద్రొచ్చినట్టు ఉంటుంది, అంతే, మనిషి ఒరిగిపోతాడు. అందుకని ముందురోజు పొద్దున్నుంచీ మూత తెరిచి ఉంచనిదే మా ఆయన దిగడు. దిగేటప్పుడు చంకల కింద నుంచి తాడు కట్టుకుంటాడు, దాని రెండో కొస నా చేతిలో ఉంటుంది. లోపల ఉన్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండాలి, నేను ఊఁ కొడుతూనే ఉండాలి. మాట ఆగిందా, తాడు లాగాలి. ఎందుకు ఆగిందని అడగకూడదు, వంగి చూడకూడదు, ఆలోచించకూడదు. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

తమాషా ఏమిటంటే, మా ఆయనకు అసలు నోట్లోంచి మాట ఊడిపడదు. మా వీధిలో ఆయన పేరు మూగమేస్త్రి. కూర ఎలా ఉందండీ అంటే తల ఊపుతాడు. ఆ ఊపుడు బాగుందనో, బాగా లేదనో, ఈగ వాలిందనో తెలియక నేను బుర్ర బద్దలు కొట్టుకుంటాను. అలాంటి మనిషి సంపులోకి దిగితే చాలు, గుక్క తిప్పుకోడు. తిప్పుకుంటే నేను పైకి లాగేస్తానని తెలుసు మరి. మొదట్లో లోపల కనిపించినవే చెప్పేవాడు. గోడ తడిగా ఉంది, ఇక్కడో పగులుంది, పానా కింద పడింది, తీసుకుంటున్నా. ఎంతసేపని చెబుతాడు? గోడలు నాలుగేగా ఉండేది. అవి అయిపోయాక తన సంగతులు మొదలయ్యాయి.

చిన్నప్పుడే అమ్మ పోయిందనీ, అన్నయ్యే ఒంటిచేత్తో పెంచాడనీ నాకు ఒక డాక్టరుగారి సంపు మీద తెలిసింది. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పాడన్నది ఒక బట్టలకొట్టు వెనక తెలిసింది. తను నన్ను మొట్టమొదట చూసినప్పుడు నేను కుళాయి దగ్గర ఎవరి మీదో దుమ్మెత్తిపోస్తున్నాననీ, మాట వెతుక్కోకుండా అంత ధారగా తిట్టే మనిషి ఇంట్లో ఉంటే తనకు మాట్లాడే బాధ తప్పుతుందనుకున్నాడనీ తెలియడానికి మాత్రం నేను తొమ్మిదేళ్లు ఆగాల్సి వచ్చింది. పైకొచ్చాక, ఏమండీ, ఇందాక ఏమన్నారు అంటే, "ఏమో" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అలా నా మొగుడి బతుకంతా సిమెంటు కన్నాల్లోంచి ముక్కలు ముక్కలుగా నాకు అందింది.

ఒక్క ముక్క మాత్రం అందలేదు. ఆ అన్నయ్య, అంటే నేను చూడని మా బావగారు, ఎలా పోయాడన్నది. ఈయనకు పని నేర్పింది ఆయనే. సంపులోనే పోయాడు. అప్పుడు పైన ఉన్నది ఈయనే. అంతవరకే తెలుసు. ఎప్పుడు ఆ సంగతి దగ్గరకు వచ్చినా మా ఆయన మాట ఒక్క క్షణం ఆగేది. నేను తాడు బిగించేదాన్ని. "ఉన్నా, ఉన్నా" అని లోపల్నుంచి అనేసి, గబుక్కున ఇంకో సంగతిలోకి పోయేవాడు.

ఆ రోజు పని టీచరమ్మ ఇంట్లో. ఉద్యోగం మానేసి నాలుగేళ్లయినా వీధిలో అందరూ ఇప్పటికీ ఆమెను అలాగే పిలుస్తారు. కూతురు ఉద్యోగానికి వెళ్తుంటే మూడేళ్ల మనవరాలిని ఆమే చూసుకుంటుంది. మేడ మీద ఒక టైలర్ అద్దెకుంటాడు. పెరట్లో పదేళ్లుగా వాడకుండా పడి ఉన్న పాత సంపు ఉంటే, దాన్ని ఎవరిచేతో కడిగించి, వాననీళ్లకు పనికొచ్చేలా చేయమని మమ్మల్ని పిలిచింది. మేము గొట్టాలు వేసి, ఫుట్‌వాల్వ్ గొట్టాన్ని పైనుంచే సంపులోకి దించి, ఫిల్టర్ పెట్టి, గట్టు మీద మోటారు బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒక వాన పడి లోపలికి మోకాలి లోతు నీళ్లు కూడా వచ్చాయి. ఇక మోటారు వేసి చూడడమే మిగిలింది.

ముందురోజు పొద్దున మా ఆయన సంపు మూత తీసి పక్కన పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, టీచరమ్మతో చెప్పాడు. ఆయన సంగతి తెలుసుగా, చెప్పింది రెండే మాటలు. "మూత వెయ్యొద్దు." ఎందుకు వెయ్యకూడదో చెప్పలేదు. పక్కనే నేనున్నాను, లోకంలో ఉన్నవీ లేనివీ వాగే నేను, ఆ ఒక్కటీ విడమరిచి చెప్పలేదు.

మర్నాడు పది గంటలకు వెళ్లాం. మూత తెరిచే ఉంది. అయినా అడగడం నాకు అలవాటు.

"నిన్నటి నుంచీ తెరిచే ఉంచారుగా టీచరమ్మా?"

"తెరిచే ఉందిగా అమ్మాయ్, కనబడట్లా?" అందామె, మనవరాలి జడ అల్లుతూ.

కనబడుతోంది. కళ్లెదురుగా తెరిచే ఉంది. ఇంకేం అడుగుతాను?

మోటారు వేశాం. గుర్రుమంది గానీ నీళ్లు రాలేదు. గొట్టంలో నీళ్లు పోసి గాలి తీసి మళ్లీ వేశాం. చెంబెడు వచ్చి ఆగిపోయింది. నీళ్ల ఒత్తిడి చూడడానికి గొట్టానికి బిగించిన మీటరులో ముల్లు కాస్త లేచి పడుకుంది. మా ఆయన నా వంక చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు, ఫుట్‌వాల్వ్. ఆయన తాడు కట్టుకున్నాడు, నేను ముడి లాగి చూశాను, ఇంకోసారి లాగి చూశాను. "చాల్లేవే" అని ఇనప మెట్లు పట్టుకుని దిగిపోయాడు.

"నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి."

"ఊఁ."

"మూలన గుంట ఉంది. కడిగినవాళ్లు బురద అలాగే వదిలేశారు. అంతా కుళ్లిన ఆకే."

"ఊఁ."

"వాల్వ్ అందులోనే కూరుకుపోయింది. లాగుతున్నా. వచ్చింది. ఆకు ఇరుక్కుంది దీని నోట్లో."

"ఊఁ."

"తీసేశాను. మోటారు వెయ్యి, ఇది తెరుచుకుంటుందో లేదో చూస్తాను."

మనిషి నీళ్లలో ఉండగా మోటారు వేయడమంటే నాకు చచ్చేంత భయం. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఈ ఒక్క విషయంలో వినడు, కళ్లతో చూస్తే గానీ నమ్మని మనిషి. ఎడంచేతికి తాడు చుట్టుకుని కుడిచేత్తో స్విచ్ వేశాను. మోటారు హోరు మొదలైంది. ఆయన మాట కింద నుంచి ఆ హోరులో కలిసి, అయినా వినబడుతోంది. నేను కన్నం అంచుకి చెవి ఒగ్గి కూర్చున్నాను.

"ఈ సంపు అచ్చం అప్పటిదానిలాగే ఉంది," అన్నాడు.

"ఊఁ."

"అన్నయ్య దిగిన దాన్లో కూడా మూలన ఇలాగే గుంట ఉండేది."

చెవి ఇంకా కిందికి ఒగ్గాను. ఊఁ అన్నాను.

"ఆ రోజు పొద్దున పోట్లాడుకున్నాం ఇద్దరం. చొక్కా గురించి. నా కొత్త చొక్కా వాడు వేసుకున్నాడు."

"ఊఁ."

"దిగే ముందు అన్నయ్య అడిగాడు..."

ఆగాడు. నేను తాడు బిగించాను. "ఉన్నా, ఉన్నా" అంటాడని చూశాను. అనలేదు.

"అన్నయ్య అడిగాడు..." మళ్లీ అదే మాట, ముద్దముద్దగా. "అన్నయ్య..."

ఇక్కడ నేను చేసింది చెబుతాను, దాచుకుని ఎక్కడికి పోతాను. మాట ఆగింది. లాగాలి. ఇరవై రెండేళ్లుగా నా ఒంట్లో ఇంకిపోయిన సంగతి అది, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ నేను లాగలేదు. ఏడుస్తున్నాడనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ మాట దాకా వచ్చి పక్కకు తప్పుకున్న మనిషి, ఇవాళ దాని ఎదుట నిలబడ్డాడు. ఇప్పుడు నేను తాడు లాగి పైకి తెచ్చానంటే చేతులు కడుక్కుని "ఏమో" అంటాడు, ఇక ఈ జన్మలో ఆ సంగతి బయటికి రాదు. కాస్త ఏడవనీ అనుకున్నాను. అంతలో లోపల్నుంచి గుడగుడమని సన్నగా గొణిగినట్టు వినబడింది. హమ్మయ్య, మొదలుపెట్టాడు అనుకుని "ఊఁ" అన్నాను. మళ్లీ గొణిగింది. మళ్లీ "ఊఁ" అన్నాను. మోటారు హోరులో మాట తెలియడం లేదు గానీ, మాట లాంటిదే.

ఎంతసేపు అలా కొట్టానో తెలియదు. నిమిషం కూడా ఉండదంటుంది టీచరమ్మ. ఆమెకేం తెలుసు.

అప్పుడే మనవరాలు వరండా మెట్లు దిగబోతే టీచరమ్మ దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "అటు పోకు తల్లీ. నీకోసమేగా నిన్నంతా దాన్ని మూసి పెట్టింది. ఇవాళ ఒక్క పూట ఆగు, మేస్త్రిగారి పని అయిపోతుంది."

గిరుక్కున తల తిప్పాను.

"ఏమన్నారు టీచరమ్మా?"

"అదేనమ్మా, నిన్న మీరు వెళ్లగానే మూత వేసేశాను. పిల్ల పడుతుందేమోనని నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇందాక మీరు వస్తున్నారని తీశాను. ఏం, ఏమైంది?"

నేను స్విచ్ కట్టేశాను. మోటారు ఆగింది. దాంతోపాటే లోపల గొణుగుడూ ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది నేను ఎవరికి ఊఁ కొడుతున్నానో. గొట్టంలో గాలికి. నా మొగుడు చచ్చిపోతుంటే గొట్టంలో గాలికి ఊఁ కొడుతూ కూర్చున్నాను.

తాడు లాగాను. రాలేదు. ఇనప మెట్ల మీదికి ఒరిగి ఉన్నాడు, ముఖం మాత్రం నీళ్ల పైనే ఉంది. ఏమండీ అన్నాను, ఏమండీ ఏమండీ అని ఎన్నిసార్లు అన్నానో, అది అరుపో ఏడుపో కూడా నాకు తెలియదు. టైలర్ మెడలో టేపుతో అలాగే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే చెప్పులు విడిచి ఒక కాలు సంపులో పెట్టాడు. నేను అతని చొక్కా పట్టుకుని గుంజాను, గుండీలు తెగిపోయాయి.

"దిగకండి. దిగితే మీరూ రారు. తాడు పట్టండి."

అతన్ని అన్నాను గానీ నా కాళ్లు మాత్రం ఆ కన్నం వైపే పోతున్నాయి. ఎనిమిది అడుగులు. ఇంట్లో అటక ఎత్తు. దూకితే చేతికి అందుతాడు. దూకితే నేనూ ఆయన పక్కనే ఒరిగిపోతానని తెలుసు, అయినా నా కాళ్లకు ఆ సంగతి అర్థం కావడం లేదు. అందుకని మోకాళ్ల మీద కూలబడి తాడు పట్టుకున్నాను. టీచరమ్మ కూడా వచ్చి పట్టింది. ముగ్గురం లాగాం. నా అరచేతుల్లో చర్మం లేచిపోతుంటే కూడా నొప్పి తెలియలేదు. తల కనబడింది. ఆయన తల అలా ఒక పక్కకి వేలాడుతుంటే చూశాను, అది ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు. భుజం కన్నం అంచు కింద తట్టుకుని ఆగిపోయింది. ఇంకా లాగితే విరుగుతుంది, వదిలితే పడిపోతాడు. టీచరమ్మ బోర్లా పడుకుని, అరవై దాటిన మనిషి, లోపలికి చెయ్యి పెట్టి ఆయన చెయ్యి పైకి తీసింది. బయటికి వచ్చాడు.

పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. టైలర్ అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు, వీధి పేరు తప్పు చెప్పి మళ్లీ సరిచేసి చెబుతున్నాడు. నేను తిట్లు లంకించుకున్నాను. నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ తిట్టాను. మూగపీనుగా అన్నాను, పలకవేం అన్నాను, ఇన్నేళ్లు కన్నాల పక్కన కూర్చోబెట్టి ఇప్పుడు వెళ్లిపోతావా అన్నాను. ఏనాడూ నువ్వు అని పిలవని మనిషిని నువ్వు అన్నాను. చెంపల మీద కొట్టాను, వీపు మీద చరిచాను. అప్పుడు ఆయన గొంతులో గరగరమని చప్పుడు వచ్చింది. దగ్గాడు. కక్కుకున్నాడు. నేను ఆ కక్కు మీదే కూలబడ్డాను.

టీచరమ్మ గోడకు ఆనుకుని మనవరాలిని గట్టిగా పట్టుకుంది. "భయపడే వేశానమ్మా మూత. పిల్ల పడుతుందని భయపడే వేశాను," అంటోంది, అదే మాట మళ్లీ మళ్లీ. ఆమెను కడిగిపారేయాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ పిల్ల పోతుందని భయపడి ఆమె మూత వేసింది, మాట పోతుందని భయపడి నేను తాడు లాగలేదు. ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. ముక్కుకి గొట్టంతో ఆయన నిద్రపోతుంటే నేను నిద్రపోనివ్వలేదు. గంటకోసారి తట్టి లేపేదాన్ని. మాట్లాడండి అనేదాన్ని. తల ఊపి మళ్లీ కళ్లు మూసుకునేవాడు. నర్సు రెండుసార్లు నన్ను గదిమింది. ఆమెకు నా భయం ఒకటే తెలుసు. రెండోది ఎవరికీ తెలియదు. మాట ఆగిన వెంటనే నేను తాడు లాగలేదన్న సంగతి ఇంటికి వచ్చాక కూడా ఆయనకు చెప్పలేదు. వెంటనే లాగిందండీ మీ ఆవిడ, అదృష్టవంతులు అని టైలర్ వచ్చి మెచ్చుకుని పోయాడు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ విన్నాను. ఆయనకు తెలిస్తే ఇక ఆ తాడు నా చేతికి ఇవ్వడు. ఇవ్వకపోతే పోయె, నన్ను చూసే చూపు మారిపోతే? దానికే నాకు అన్నం సహించలేదు.

పన్నెండో రోజున టీచరమ్మ ఇంటికి మళ్లీ వెళ్లాం. వద్దన్నాను, వినలేదు. సగంలో వదిలేసిన పని ఆయనకు నిద్ర పట్టనివ్వదు. కానీ ఈసారి లోపలికి దిగలేదు. దిగాల్సిన అవసరమే లేకుండా చేశాడు. గొట్టాన్ని పైన కోసి, చేత్తో విప్పుకునే జాయింటు వేసి, అడుగున ఉన్న ఫుట్‌వాల్వ్‌ను గొట్టంతో సహా పైకి లాగేశాడు. బురద గుంటకు అడుగు ఎత్తున ఉండేలా గొట్టం కురచ చేసి మళ్లీ దించాడు. సిమెంటు మూత తీసేయించి, దాని చోట ఇనప ఊచల జాలీ బిగించాడు. గాలి ఆడుతుంది, పిల్ల పడదు, పైన దోమతెర. ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదేమండీ అందామనుకుని ఊరుకున్నాను. ఎవరూ దిగలేదు, దిగరు కూడా. అయినా తాడు సంచీలోంచి తీసి నా చేతికి చుట్టుకునే కూర్చున్నాను.

మోటారు వేశాడు. గుర్రుమంది, దగ్గింది, అంతలో మేడ మీద కుళాయిలో నీళ్లు దూకాయి. టీచరమ్మ మనవరాలు చప్పట్లు కొట్టింది. కుళాయిలన్నీ కట్టేయించి, మోటారు ఆపేసి, మా ఆయన మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. పది నిమిషాలు ముల్లు దిగకుండా నిలబడితే ఎక్కడా కారడం లేదని లెక్క. అందరూ లోపలికి వెళ్లిపోయారు. ఆయనా నేనూ మీటరూ మిగిలాం.

రెండు నిమిషాలయ్యాక, ముల్లు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "ఇంకా కోపమేనా అని అడిగాడు."

నాకు మొదట అర్థం కాలేదు.

"అన్నయ్య. దిగే ముందు అడిగాడు. నేను పలకలేదు. లోపల్నుంచి ఏవో రెండు మాటలు చెప్పాడు, ఊఁ కూడా కొట్టలేదు. తర్వాత వాడి మాట ఆగిపోయింది. వాడికీ కోపం వచ్చిందేమో, రానీ అనుకున్నా. బీడీ కాల్చుకున్నా."

సంపులో లేడు. నేల మీద ఉన్నాడు, ఎండలో, నా పక్కన. అయినా చెబుతున్నాడు. ఊఁ కొట్టడం నా పని. నోరు తెరిస్తే ఊఁ రాలేదు.

"నేనూ లాగలేదండీ," అన్నాను. "మీ మాట ఆగింది. తెలిసింది నాకు. మీరు ఏడుస్తున్నారనుకుని ఆగాను. టీచరమ్మ మూత సంగతి అనేదాకా లాగలేదు."

నేను తాడు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతాడనుకున్నాను. ఒక నిమిషం పోయింది. ఇంకో నిమిషం పోయింది.

"ఊఁ," అన్నాడు.